తాళం సరే, చెవి ఎవరి దగ్గరుంది? ఇంట్లో, ఆఫీసులో మన ఫైళ్ల భద్రత

పొద్దున్నే లాప్‌టాప్ ఆన్ చేస్తారు. రోజూ కనిపించే లాగిన్ తెర రాదు. నీలం తెర మీద రికవరీ కీ ఇవ్వమని ఉంటుంది, కింద ఒక ఖాళీ గడి. అందులో 48 అంకెలు కొట్టాలి, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ముందురోజు రాత్రి ఏదో అప్‌డేట్ పడింది, అంతే. ‘నేనసలు ఏ తాళమూ వేయలేదే, ఈ కీ ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అన్నది చాలామందికి వచ్చే మొదటి అనుమానం. ఆ వెంటనే టెన్షన్ మొదలవుతుంది. పిల్లల ఫోటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు, సగం రాసిన రిపోర్టు, అన్నీ లోపలే ఉన్నాయి మరి.

ఆ తాళం పేరు బిట్‌లాకర్. 2007లో విండోస్ విస్టాతో మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది. చాలాకాలం అది ఆఫీసుల్లో ఐటీ వాళ్లు చూసుకునే వ్యవహారంగానే ఉండేది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి లెక్క మారింది. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడో, విండోస్ మళ్లీ మొదటి నుంచి ఎక్కించినప్పుడో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా కంప్యూటర్లలో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మారిపోతుంది. రికవరీ కీ ఆ ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది. వాడేవాళ్లలో చాలామందికి ఈ సంగతి నీలం తెర చూసేదాకా తెలియదు.

ఇది మనకు మేలు చేసిన పనా, ముప్పు తెచ్చిన పనా? ఒక్క మాటలో తేలదు. ఫైళ్ల విషయంలో మనకు రెండు భయాలుంటాయి. ఒకటి, చూడకూడనివాళ్లు చూస్తారేమోనని. రెండోది, మనకే దొరక్కుండా పోతాయేమోనని. మొదటి భయానికి వేసే ప్రతి మందూ రెండో భయాన్ని కాస్త పెంచుతుంది. తాళం ఎంత గట్టిదైతే చెవి పోయినప్పుడు మనం అంత గట్టిగా బయట ఉండిపోతాం. రెండో భయానికి నాలుగు చోట్ల కాపీలు పెట్టుకుంటే, చూడగలిగే చోట్లు నాలుగవుతాయి. ఫైళ్ల భద్రత గురించి వినిపించే సలహాలు ఒకదానితో ఒకటి కొట్టుకున్నట్టు అనిపించడానికి కారణం ఇదే. ఎవరు ఏ భయానికి మందు చెబుతున్నారో గమనిస్తే సగం చిక్కు విడిపోతుంది.

లాగిన్ పాస్‌వర్డ్ కాపలాదారు, ఎన్‌క్రిప్షన్ ఇనప్పెట్టె

ఒక పాత లాప్‌టాప్ తీసుకుందాం. లాగిన్‌కి గట్టి పాస్‌వర్డ్ ఉంది, డిస్క్ మాత్రం ఎన్‌క్రిప్ట్ కాలేదు. ఇది ఎవరి చేతిలోనో పడింది. వాళ్లు పాస్‌వర్డ్ కనుక్కోవాలని ఏమీ కష్టపడరు. అడుగున స్క్రూలు విప్పి డిస్క్‌ను బయటకు తీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి తమ కంప్యూటర్‌కి తగిలిస్తారు. పదిహేను నిమిషాల పని. డిస్క్‌లోని ఫోల్డర్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నట్టే తెరుచుకుంటాయి. కొన్ని ఫోల్డర్ల దగ్గర ‘మీకు అనుమతి లేదు’ అని వస్తుంది. ఆ కంప్యూటర్‌కి అడ్మిన్ వాళ్లే కాబట్టి, ఒక క్లిక్‌తో అనుమతి వాళ్లకు వాళ్లే ఇచ్చుకుంటారు.

లాగిన్ పాస్‌వర్డ్ చేసేది కాపలా పని. విండోస్ అయినా మరేదైనా, ఆ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్నంతసేపే ఆ కాపలా. డిస్క్‌ను దాని నుంచి విడదీస్తే కాపలాదారు లేని ఇల్లే. ఎన్‌క్రిప్షన్ అలా కాదు. ఫైల్‌లోని అక్షరాలనే కీ లేకుండా అర్థంకాని చెత్తగా మార్చేస్తుంది. డిస్క్‌ను ఎక్కడికి పట్టుకెళ్లినా, ఏ కంప్యూటర్‌కి తగిలించినా కనిపించేది ఆ చెత్తే.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్‌లో జరిగిన సంగతి చాలు. 2007 అక్టోబరులో అక్కడి పన్నుల శాఖ రెండు సీడీలను రిజిస్టర్ చేయకుండా అంతర్గత పోస్టులో పంపింది. పిల్లల భత్యం అందుకునే కుటుంబాల వివరాలు, దాదాపు 2.5 కోట్ల మందివి, బ్యాంకు ఖాతాలతో సహా అందులో ఉన్నాయి. సీడీలు చేరాల్సిన చోటికి చేరలేదు. వాటికి పాస్‌వర్డ్ ఉంది, ఎన్‌క్రిప్షన్ లేదు. ఆ శాఖ అధిపతి రాజీనామా చేయాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది మేలో అమెరికాలో మాజీ సైనికుల శాఖ ఉద్యోగి ఒకరు ఆఫీసు డేటాను ఇంటికి తీసుకెళ్లారు. ఇంట్లో దొంగలు పడి లాప్‌టాప్‌ను, దానితో ఉన్న హార్డ్‌డిస్క్‌ను ఎత్తుకెళ్లారు. 2.65 కోట్ల మంది వివరాలు ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉన్నాయి. ఆ వస్తువులు తర్వాత దొరికినా, శాఖ నష్టపరిహారం కట్టక తప్పలేదు. ఆఫీసు ఫైల్ ఇంట్లోకి వచ్చిన రోజు ఇంటి తలుపు గడియ కూడా ఆఫీసు భద్రతలో భాగమైపోతుందన్నది ఆ ఘటన చూపించింది.

తాళంలా కనిపించేవి ఇంకొన్ని ఉన్నాయి. ‘హిడెన్’ అని గుర్తు పెట్టిన ఫోల్డర్ తాళం వేసింది కాదు, తెర చాటున పెట్టింది. సెట్టింగ్ మారిస్తే కనిపిస్తుంది. ఎక్సెల్‌లో షీట్‌ను ‘ప్రొటెక్ట్’ చేయడం పొరపాటున ఫార్ములా చెరిగిపోకుండా ఉండటానికే, లోపలి సమాచారాన్ని దాచడానికి కాదు. అదే ఎక్సెల్‌లో ఫైల్ తెరవడానికి పాస్‌వర్డ్ పెట్టడం వేరే సంగతి. 2007 తర్వాతి ఫైల్ రకాల్లో అది నిజంగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పీడీఎఫ్‌లోనూ అంతే. ‘ప్రింట్ చేయరాదు, కాపీ చేయరాదు’ అనే పాస్‌వర్డ్ ఒక విన్నపం లాంటిది, పాటించని సాఫ్ట్‌వేర్లు బోలెడు. తెరవడానికే అడిగే పాస్‌వర్డ్ అసలు తాళం. పేరు రెండింటికీ ‘పాస్‌వర్డే’ కావడంతో వస్తోంది ఈ గందరగోళమంతా.

పాస్‌వర్డ్‌కీ కీకీ మధ్య ఏం జరుగుతుంది

ఇప్పుడు ఎక్కువగా వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఏఈఎస్. బెల్జియం శాస్త్రవేత్తలు జోన్ డేమన్, విన్సెంట్ రైమన్ తయారుచేస్తే, అమెరికా ప్రమాణాల సంస్థ బహిరంగ పోటీ పెట్టి ఎంచుకుని 2001లో ప్రమాణంగా ప్రకటించింది. దాని పనితీరు మొత్తం అందరికీ తెలుసు, రహస్యం కీలో మాత్రమే ఉంటుంది. ఆ కీ 128, 192 లేదా 256 బిట్ల సంఖ్య. 256 బిట్ల కీని వరసగా ప్రయత్నించి పట్టుకోవడం ఏ కంప్యూటర్‌కీ అయ్యే పని కాదు. కాబట్టి తాళం పగలగొట్టాలనుకునేవాళ్లు ఏఈఎస్ జోలికి వెళ్లరు, మన పాస్‌వర్డ్ మీద పడతారు.

ఒక లెక్క వేద్దాం. చిన్న ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే ఉన్న 8 అక్షరాల పాస్‌వర్డ్ అనుకోండి. ఒక్కో చోట 26 అవకాశాలు, మొత్తం దాదాపు 20,900 కోట్ల కలయికలు. వినడానికి పెద్ద సంఖ్యే. సెకనుకు 100 కోట్ల ప్రయత్నాలు చేయగల యంత్రం ఉంటే మూడున్నర నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. అందుకే మంచి ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్‌ను నేరుగా కీగా వాడదు. దాన్ని లక్షల సార్లు ఒకే లెక్కలో తిప్పి, ఆ వచ్చిన ఫలితంతో అసలు కీని తెరుస్తుంది. ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్‌లో మామూలుగా 5 లక్షల సార్లు తిప్పుతుంది. మనకు పాస్‌వర్డ్ కొట్టాక ఒకటి రెండు సెకన్లు ఆగడం తప్ప తేడా తెలియదు. ఊహించి కొట్టేవాళ్లకు మాత్రం ప్రతి ప్రయత్నమూ బరువవుతుంది. సెకనుకు 100 కోట్లు కాస్తా 1,000కి పడిపోయిందనుకుంటే, మూడున్నర నిమిషాల పని ఆరున్నరేళ్లకు పైగా పడుతుంది.

ఆ ఆరున్నరేళ్లను కూడా నమ్ముకోనక్కర్లేదు. పాచిక వేసి 7,776 పదాల జాబితా నుంచి ఆరు పదాలు యాదృచ్ఛికంగా తీసుకుంటే, సెకనుకు 100 కోట్ల వేగంతో కూడా అన్ని కలయికలూ చూడటానికి 70 లక్షల ఏళ్లు పడుతుంది. ఇక్కడ ‘యాదృచ్ఛికంగా’ అన్న మాటే ప్రాణం. మనసుకి తోచిన పదాలు, పాట పల్లవి, పిల్లల పేరుకి పుట్టిన సంవత్సరం కలిపి పెట్టినవి ఈ లెక్కలోకి రావు. ఊహించేవాళ్లు మొదట కొట్టేవి అవే.

విండోస్‌లో మనం నాలుగంకెల పిన్ మాత్రమే పెట్టుకుంటాం కదా, పదివేల అవకాశాలతో డిస్క్ ఎలా భద్రం? ఇది తరచూ వచ్చే మంచి ప్రశ్న. ఆధునిక కంప్యూటర్లలో టీపీఎం అనే చిన్న చిప్ ఉంటుంది, విండోస్ 11కి అది తప్పనిసరి. డిస్క్ కీని కాపాడేది అదే. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు ఏయే ప్రోగ్రాములు ఏ వరసలో లేచాయో సరిచూసుకుని, అంతా ఎప్పటిలా ఉంటేనే కీ ఇస్తుంది. పిన్‌ను కూడా ఆ చిప్ ద్వారానే పరీక్షిస్తారు కాబట్టి, కొన్ని తప్పుల తర్వాత అది మొండికేస్తుంది. డిస్క్‌ను ఊడదీసి పట్టుకెళ్తే చిప్ ఇక్కడే ఉండిపోతుంది, చిప్ లేకుండా పిన్ తెలిసినా లాభం లేదు. నీలం తెర ఎందుకు వస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. బయోస్ (కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా, ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన ప్రోగ్రాములనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిలించినా చిప్‌కి పాత వరస కనిపించదు. దొంగ చేతిలో పడ్డామేమోనని అది కీ ఇవ్వడం మానేస్తుంది. అప్పుడు మిగిలే దారి ఆ 48 అంకెలే.

తాళం తీసి ఉన్నప్పుడు

డిస్క్ ఎన్‌క్రిప్షన్ కాపాడేది ఆపేసి ఉన్న కంప్యూటర్‌ని. మనం లాగిన్ అయి పని చేసుకుంటున్నప్పుడు ఇనప్పెట్టె తలుపు బార్లా తెరిచే ఉంటుంది. అప్పుడు మన పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా మన ఫైళ్లను మనలాగే చదవగలదు. మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్ తెరిస్తే లోపలికి చొరబడిన దొంగ ప్రోగ్రామ్ కూడా.

2017 మేలో వనాక్రై అనే దొంగ ప్రోగ్రామ్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లను పట్టుకుంది. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగుల అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. దాని పని మన ఫైళ్లను తన కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, తెరవాలంటే డబ్బు కట్టమనడం. డిస్క్ ముందే ఎన్‌క్రిప్ట్ అయి ఉందా లేదా అన్నది దానికి అనవసరం. మన తాళం మీద ఇంకో తాళం వేస్తుంది, ఆ చెవి దాని దగ్గరుంటుంది. ఏ లోపం ద్వారా అది పాకిందో ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా చిక్కాయి.

నిద్రలో పెట్టిన లాప్‌టాప్ ఈ రెండు స్థితులకూ మధ్యలో ఉంటుంది. మూత మూసినా కీ మెమరీలో ఉంటుంది. 2008లో ప్రిన్‌స్టన్ పరిశోధకులు కరెంటు ఆగిపోయాక కూడా మెమరీ చిప్‌లో సమాచారం కొన్ని సెకన్ల నుంచి నిమిషాల దాకా నిలుస్తుందనీ, చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు ఉంటుందనీ చేసి చూపించారు. అలా డిస్క్ కీలను బయటకు లాగారు. మామూలు దొంగ ఇంత పని చేయడు. విలువైన సమాచారం మోసుకుని ప్రయాణాలు చేసేవాళ్లకు మాత్రం మూత మూయడానికీ పూర్తిగా షట్‌డౌన్ చేయడానికీ ఉన్న తేడా ఇదే.

ఒక ఫైల్ వదిలే జాడలు

‘అన్నిటికీ ఎందుకు, నా ముఖ్యమైన ఫైల్ ఒక్కదానికే తాళం వేసుకుంటా’ అనేవాళ్లుంటారు. తప్పేం కాదు, కొన్నిసార్లు అదే సరైన పని. ఆ ఫైల్‌ను ఎవరికైనా పంపాలంటే డిస్క్ ఎన్‌క్రిప్షన్ పనికిరాదు, ఎందుకంటే డిస్క్ దాటగానే ఫైల్ మామూలుగా మారిపోతుంది. ఫైల్‌కే తాళం ఉండాలి. ఇక్కడో చిన్న హెచ్చరిక. జిప్ ఫైళ్లలో పాత రకం ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించే దారిని 1994లోనే కనుక్కున్నారు. ఇప్పటికీ కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్నే వాడతాయి. ఏఈఎస్ అని ఎంచుకునే వీలుంటే ఆ రకమే పనికొస్తుంది.

అయితే ఒక్క ఫైల్ ఎప్పుడూ ఒక్క చోటే ఉండదు. వర్డ్‌లో తెరిచినప్పుడు తాత్కాలిక కాపీ ఒకటి తయారవుతుంది. ఫోటో అయితే చిన్న థంబ్‌నెయిల్ ఎక్కడో మిగిలిపోతుంది. సెర్చ్ కోసం కంప్యూటర్ కట్టుకునే సూచికలో లోపలి పదాలు చేరతాయి. మెయిల్‌లో వచ్చిన ఫైల్ డౌన్‌లోడ్స్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి. మనం తాళం వేసేది వీటన్నిటిలో ఒక కాపీకే. మొత్తం డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఈ జాడలన్నీ ఒకేసారి లోపలికి వెళ్తాయి. ఆ పద్ధతికి ఉన్న పెద్ద బలం అదే.

డిలీట్ చేసిన ఫైల్ సంగతి మరీ చిత్రం. డిలీట్ అంటే పుస్తకంలో విషయసూచిక నుంచి పేరు కొట్టేయడమే, లోపలి పేజీలు చింపడం కాదు. ఆ చోటు వేరే దానికి అవసరమయ్యేదాకా పాత రాత అలాగే ఉంటుంది. ఎంఐటీలో ఇద్దరు, సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్, పాత హార్డ్‌డిస్కులు 158 కొని చూశారు. 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12. మిగతావాటిలో ఉత్తరాలు, వైద్య వివరాలు, 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. అమ్మినవాళ్లలో కొందరు ఫార్మాట్ చేసే అమ్మారు. క్విక్ ఫార్మాట్ కూడా విషయసూచికనే తుడుస్తుందని వాళ్లకు తెలియదు.

ఇప్పటి ఎస్‌ఎస్‌డీలు, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే రాసుకునే డిస్కులు, ఇంకో మెలిక పెట్టాయి. ఒకే చోట పదేపదే రాస్తే ఆ చోటు అరిగిపోతుంది కాబట్టి, లోపలి కంట్రోలర్ ప్రతిసారీ కొత్త చోట రాస్తుంది. మనం పాత ఫైల్ మీద సున్నాలు రాస్తున్నామనుకుంటాం, అవి పక్క చోట పడతాయి. ఇంకోవైపు, డిలీట్ అయిన చోట్లను ఎస్‌ఎస్‌డీ ఖాళీ సమయంలో తనే తుడిచేస్తుంటుంది, దాంతో పొరపాటున పోయిన ఫైల్ వెనక్కి రావడం కష్టం. అంటే పోవాలనుకున్నది పోయిందన్న హామీ లేదు, కావాలనుకున్నది దొరుకుతుందన్న హామీ లేదు. మొదటి రోజు నుంచే ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్‌కి ఈ తలనొప్పి లేదు. అమ్మే ముందు కీని చెరిపేస్తే లోపల మిగిలేది చెత్తే.

క్లౌడ్‌లో పెడితే

క్లౌడ్ సంస్థలన్నీ ‘మీ ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి’ అంటాయి. నిజమే చెబుతాయి. అయితే ఆ మాటకు మూడు అర్థాలున్నాయి. మన కంప్యూటర్ నుంచి వాళ్ల సర్వర్ దాకా దారిలో ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లడం ఒకటి. వాళ్ల డిస్కుల మీద ఎన్‌క్రిప్ట్ అయి ఉండటం రెండోది. ఈ రెండింటిలో కీ సంస్థ దగ్గరే ఉంటుంది. మూడోది ఎండ్ టు ఎండ్: ఫైల్ మన కంప్యూటర్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది, కీ మన దగ్గరే ఉంటుంది, సంస్థ చూడాలనుకున్నా చూడలేదు.

కీ సంస్థ దగ్గరుంటే వచ్చే లాభాలు చిన్నవి కావు. పాస్‌వర్డ్ మరచిపోతే మళ్లీ ఇస్తారు. ఫైళ్లలో వెతకొచ్చు, బ్రౌజర్‌లోనే తెరిచి మార్చొచ్చు. నష్టం ఏమిటో 2011 జూన్‌లో డ్రాప్‌బాక్స్ వాడేవాళ్లకు తెలిసొచ్చింది. ఒక తప్పు అప్‌డేట్ వల్ల దాదాపు నాలుగు గంటలపాటు ఏ ఖాతాలోకైనా ఏ పాస్‌వర్డ్‌తోనైనా వెళ్లగలిగే పరిస్థితి వచ్చింది. ఫైళ్లు డిస్కుల మీద ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి. తలుపు దగ్గర తాళం తీసిచ్చేది సంస్థే కాబట్టి ఆ ఎన్‌క్రిప్షన్ అడ్డురాలేదు.

ఈ చర్చలో ప్రభుత్వాలు కూడా ఒక పక్షం. ఆపిల్ 2022 డిసెంబరులో ఐక్లౌడ్ బ్యాకప్‌లకు, ఫోటోలకు కూడా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకునే వీలు ఇచ్చింది. తమకు దారి కావాలని బ్రిటన్ ప్రభుత్వం రహస్య ఆదేశం ఇచ్చిందన్న వార్తల మధ్య, 2025 ఫిబ్రవరిలో ఆ దేశంలో కొత్తవాళ్లకు ఆ సౌకర్యాన్ని ఆపిల్ ఆపేసింది. పిల్లల మీద నేరాలు చేసేవాళ్లు, ఉగ్రవాదులు తాళం వెనక దాక్కుంటే దర్యాప్తు ఆగిపోతుందన్నది ప్రభుత్వాల వాదన. ఆ బాధ నిజమైనది, కొట్టిపారేయదగ్గది కాదు. గుప్తలిపి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నదీ అంతే బరువైన మాట: మంచివాళ్లకు మాత్రమే తెరుచుకునే తలుపు గణితంలో లేదు, ఒకరి కోసం చేసిన మారుచెవి ఇంకొకరి చేతిలో పడదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. నా మటుకు నాకు శాస్త్రవేత్తల మాటే గట్టిదనిపిస్తుంది, ఎందుకంటే అలాంటి తలుపు చేసి చూపించినవాళ్లు ఇంతవరకు కనిపించలేదు.

విండోస్ రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండటం మీద వాదన కూడా ఇదే. ఇంట్లో కంప్యూటర్ వాడే సగటు మనిషికి లాప్‌టాప్ దొంగతనం దగ్గరి ముప్పు, కీ పోగొట్టుకోవడం ఇంకా దగ్గరి ముప్పు. అతనికి ఖాతాలో కీ ఉండటమే రక్ష. ఒక జర్నలిస్టుకో న్యాయవాదికో కోర్టు ఉత్తర్వుతో మూడోవాళ్ల ద్వారా కీ బయటకు వెళ్లే వీలుండటమే సమస్య. ఇద్దరికీ ఒకే జవాబు సరిపోదు.

ఆఫీసులో ఫైల్ ఎవరిది

ఇంట్లో యజమానీ మనమే, కాపలాదారూ మనమే. ఆఫీసులో కంప్యూటర్ సంస్థది, కీ ఐటీ విభాగానిది, ఫైల్ రాసింది మనం. మన ‘ప్రైవేట్’ ఫోల్డర్ ఐటీ అడ్మిన్‌కి ప్రైవేట్ కాదు.

ఫ్రాన్స్‌లో జాతీయ రైల్వే ఉద్యోగి ఒకరు ఆఫీసు కంప్యూటర్‌లోని ఒక డిస్క్‌కి ‘వ్యక్తిగత సమాచారం’ అని పేరు పెట్టుకున్నారు. ఆయన లేనప్పుడు సంస్థ దాన్ని తెరిచింది. లోపల దొరికిన వాటివల్ల ఉద్యోగం పోయింది. తన ఏకాంతం దెబ్బతిందని ఆయన ఐరోపా మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2018 ఫిబ్రవరి 22న వచ్చిన తీర్పు సంస్థ పక్షాన ఉంది. ఆ దేశ చట్టం ప్రకారం ఉద్యోగి ‘ప్రైవేట్’ అని స్పష్టంగా గుర్తుపెట్టిన ఫైళ్లను అతను లేకుండా మామూలుగా తెరవకూడదు. మిగతావన్నీ పనికి సంబంధించినవనే భావిస్తారు. డిస్క్ మొత్తానికి పెట్టిన ఆ పేరు సరిపోదన్నారు. ‘ప్రైవేట్’ అనకుండా ‘వ్యక్తిగత’ అన్న ఒక్క మాట తేడా అంత దూరం తీసుకెళ్లింది. చట్టాలు దేశానికో రకం. సంస్థ కంప్యూటర్‌లో పెట్టినది మనదే అనుకోవడానికి గట్టి ఆధారం దొరకదన్నది మాత్రం చాలాచోట్ల ఒకటే. సొంత ఫోన్‌ను ఆఫీసు మెయిల్‌కి జోడించినప్పుడు కూడా, ఒప్పుకున్న షరతులను బట్టి, ఉద్యోగం మానేసిన రోజు దూరం నుంచే ఫోన్ మొత్తం తుడిచే అధికారం సంస్థకు ఉండొచ్చు.

సంస్థ వైపు నుంచి చూస్తే చిక్కు ఇంకో రకం. ఉద్యోగి తనకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోతే ఆ పని ఆగిపోతుంది. అందుకే కీలు సంస్థ దగ్గర ఉండాలంటారు, సబబే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు ఆ కీల విలువ తెలిసింది. వాటిని బాగుచేయాలంటే ఒక్కో కంప్యూటర్‌ని సేఫ్ మోడ్‌లో లేపి ఒక ఫైల్ తీసేయాలి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే అది 48 అంకెల కీ అడుగుతుంది. కొన్ని చోట్ల ఆ కీలు దాచిన సర్వర్లు కూడా అదే దెబ్బకు పడిపోయాయి. ఇనప్పెట్టె తాళంచెవి ఇనప్పెట్టెలోనే ఉండిపోయినట్టు.

అసలు ఆఫీసు ఫైళ్లు బయటపడటానికి తాళం పగలాల్సిన అవసరం తక్కువ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. అవసరం లేనివాళ్లకు అనుమతి ఉండటమే ఎక్కువగా కొంప ముంచేది. ఎవరికి ఎంత పనో అంత మేరకే అనుమతి అన్న సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. ఇప్పుడు దాన్ని రోజూ దాటేది ఒక చిన్న ఎంపిక: ‘లింక్ ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు’. జీతాల పట్టిక అలా ఒకరికి పంపితే ఆ లింక్ చాట్ నుంచి చాట్‌కి వెళ్తుంది. ఏడాది తర్వాత కూడా తెరుచుకుంటుంది. పేరుపేరునా అనుమతి ఇస్తే ఉద్యోగి వెళ్లిన రోజు తీసేయొచ్చు.

పోకుండా ఉండటానికి

రెండో భయానికి మందు బ్యాకప్. సింక్, అంటే ఒకే ఫోల్డర్‌ను అన్ని పరికరాల్లో ఒకేలా ఉంచడం, మాత్రం బ్యాకప్ కాదు. సింక్ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పొరపాటున చెరిపేస్తే క్షణాల్లో అన్ని చోట్లా చెరిగిపోతుంది, దొంగ ప్రోగ్రామ్ ఎన్‌క్రిప్ట్ చేస్తే అన్ని చోట్లా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు దాచే సేవలు కొంత ఆదుకుంటాయి. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇప్పటికీ అందరూ చెప్పేది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఆ మూడింటిలో ఒకటి కంప్యూటర్ నుంచి ఊడదీసి ఉంచినదైతే వనాక్రై లాంటిది దాన్ని తాకలేదు.

బ్యాకప్ ఉందనుకోవడం ఒకటి, తెరిచి చూడటం ఒకటి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌ అనే సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. అయిదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తేలింది. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన కాపీ ఒకటి ఉంది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా బయటపెట్టింది కాబట్టే అందరికీ తెలిసింది.

ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌కి ఇంకో కీ, దానికి ఇంకో గుర్తుపెట్టుకునే బాధ. ఐరన్‌కీ అనే రకం పెన్‌డ్రైవ్ పదిసార్లు తప్పు కొడితే లోపలిదంతా శాశ్వతంగా మూసేస్తుంది. అందులో 7,002 బిట్‌కాయిన్ల కీ దాచిన ఒక ప్రోగ్రామర్, పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోగొట్టుకుని 2021 నాటికి ఎనిమిది అవకాశాలు వాడేశారు. తాళం తప్పేం లేదు, చేయాల్సిన పనే చేసింది.

మనం లేనప్పుడు

ఈ రెండు భయాలూ ఒకేచోట కలిసేది మనిషి పోయినప్పుడు. ఇంట్లో ఒకరే కంప్యూటర్ చూసుకునేవాళ్లు, ఇరవై ఏళ్ల ఫోటోలు వాళ్ల ఖాతాలోనే. బతికున్నప్పుడు ఎవరూ చూడకూడదని వేసిన తాళం, తర్వాత సొంతవాళ్లను కూడా బయటే నిలబెడుతుంది. గూగుల్ 2013లో ఒక ఏర్పాటు తెచ్చింది: మనం ఎంచుకున్న కాలం, 3 నుంచి 18 నెలలు, ఖాతా కదలకుండా ఉంటే మనం చెప్పినవాళ్లకు సమాచారం అందుతుంది. ఆపిల్ 2021 డిసెంబరు నుంచి వారసులను ముందే పేర్కొనే వీలిచ్చింది. వాళ్లు ఒక కీతోపాటు మరణ ధ్రువీకరణ పత్రం చూపాలి.

ఇంట్లో ఉన్న లాప్‌టాప్ డిస్క్‌కి ఇవేవీ వర్తించవు. దానికి మిగిలేది ఒక కవరు, అందులో ఒక కాగితం మీద 48 అంకెలు. చేత్తో రాసినప్పుడు 1, 7లా కనిపిస్తుందేమోనని భయపడేవాళ్లకు ఒక సంగతి. బిట్‌లాకర్ కీలోని ఆరంకెల ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా పోవాలి. 123453ను 11తో భాగిస్తే సరిగ్గా 11223 వస్తుంది. అదే మొదటి అంకెను 7 అని రాసుకుంటే శేషం మిగులుతుంది. ఎనిమిది గుంపులకు ఎనిమిది భాగహారాలు చేస్తే, అలాంటి తప్పు ఏ గుంపులో దొర్లిందో డిస్క్ జోలికి వెళ్లకుండానే తెలిసిపోతుంది.